బొమ్మ నడవాలంటే ఏం చదవాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి. కంప్యూటర్‌లో మనిషి బొమ్మని కదిలించడం యూనివర్సిటీలో చదవాలంటే ఎలా, ఎక్కడ, చదివాక ఏంటి అని. అందుకే మిగతావి వచ్చే సంచికకి వాయిదా వేసి ఇవన్నీ ఒకచోట పెట్టాను. పేర్లు వేయొద్దని కొందరు అడిగారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: సార్, నేను ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. యానిమేషన్ అంటే పిచ్చి, ఫోన్‌లోనే చిన్న చిన్న బొమ్మలు కదిలిస్తుంటాను. నాన్నేమో సీఎస్‌ఈ తప్ప ఇంకేదీ వద్దంటున్నారు. మా ఊళ్లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఏడాదిలో త్రీడీ అంతా నేర్పిస్తాం, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. ఏది మంచిది? – గుంటూరు

తమ్ముడూ, ముందు ఆ గ్యారంటీ సంగతి మర్చిపో. ఏడాదిలో వాళ్లు చెప్పేది ఒక సాఫ్ట్‌వేర్‌లో ఏ బటన్ ఎక్కడుందో, ఏది నొక్కితే ఏమవుతుందో. అది పనికిరాదని అనను, కానీ దానికి లక్షలు పోయక్కర్లేదు. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ 2002 నుంచి ఓపెన్ సోర్స్, పైసా ఖర్చు లేదు, ఇవాళ రాత్రే దింపుకుని మొదలుపెట్టొచ్చు.

ఈ రంగంలో రెండు దారులున్నాయి, ఆ తేడా తెలియకుండానే చాలామంది చేరిపోయి రెండో ఏడాదిలో ఏడుస్తుంటారు. ఒకటి యానిమేటర్ దారి. పాత్ర ఎలా నడవాలి, కోపం వస్తే భుజాలు ఎటు పోవాలి, అబద్ధం చెప్పేటప్పుడు చూపు ఎక్కడుండాలి, ఇదంతా నటనకి దగ్గరి పని. రెండోది ఆ యానిమేటర్ వాడే సాధనాలని తయారుచేసేవాళ్ల దారి: ఎముకలు, కీళ్లు, చర్మం, బట్టలు ఎలా కదలాలో లెక్కగట్టి ప్రోగ్రామ్ రాయడం. ఈ రెంటికీ మధ్యలో రిగ్గర్లు (బొమ్మకి లోపలి ఎముకల చట్రం, అంటే రిగ్, బిగించేవాళ్లు), టెక్నికల్ డైరెక్టర్లు ఉంటారు, వాళ్లకి కాస్త అదీ ఇదీ రెండూ తెలియాలి.

మొదటి దారి అయితే అహ్మదాబాద్ ఎన్‌ఐడీలో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) యానిమేషన్ ఫిల్మ్ డిజైన్ ఉంది, దానికి డ్యాట్ అనే ప్రవేశపరీక్ష రాయాలి. ఐఐటీల్లో బి.డిజైన్‌కి యూసీడ్ రాయాలి, మన ఐఐటీ హైదరాబాద్ కూడా అందులోనే. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో బీఎఫ్ఏ యానిమేషన్ ఉంది, దాని పరీక్ష వేరు. వీటికి ఎంపీసీయే చదివుండాలని లేదు, చదివినా అడ్డు కాదు. రెండో దారి అయితే, చెప్తే నవ్వుతావేమో గానీ, మీ నాన్నగారు చెప్పిన సీఎస్‌ఈయే సరైన దారి. కాబట్టి ఇంట్లో గొడవ పడే ముందు నీకు నచ్చేది బొమ్మ నటించడమా, లేక ఆ బొమ్మ ఎలా కదులుతోందో విప్పి చూడటమా అన్నది తేల్చుకో. ఓ నెల రోజులు బ్లెండర్‌లో రోజూ కూర్చుంటే అదే తెలిసిపోతుంది. ఒకే నడకని ఇరవై సార్లు చెరిపి మళ్లీ చేయడం విసుగనిపించకపోతే మొదటిది. నడక వదిలేసి అందులోనే కోడ్ రాసుకునే పైథాన్ విండో తెరిచి కెలుకుతూ కూర్చున్నావంటే రెండోది.

ప్రశ్న: నాకు బొమ్మలు వేయడం అస్సలు రాదు. నేను ఈ కోర్సుకి పనికొస్తానా? – అనంతపురం

కోడ్ వైపు అయితే పనికొస్తారు. యానిమేషన్ వైపు అయినా చక్కటి బొమ్మలు వేయాల్సిన పనిలేదు, కానీ కర్రబొమ్మతో అయినా ఒంటి భంగిమ చూపించగలగాలి: బరువు ఏ కాలు మీద ఉంది, నడుము ఎటు వంగింది, తల ఎటు తిరిగింది. బస్టాండ్‌లో కూర్చుని జనాన్ని చూస్తూ ఒక్కొక్కరినీ అర నిమిషంలో గీయడం అలవాటు చేసుకోండి. ముఖాలు వద్దు. అందం అసలే వద్దు.

ప్రశ్న: నేను వరంగల్‌లో బి.టెక్ మూడో సంవత్సరం. మా సిలబస్‌లో కంప్యూటర్ గ్రాఫిక్స్ అని ఒక పేపర్ ఉంది. డీడీఏ, బ్రెసెన్‌హామ్, గీత గీయడం, వృత్తం గీయడం, రికార్డు రాయడం, అయిపోయింది. మనిషిని కదిలించడం అన్న మాటే లేదు. మంచి యూనివర్సిటీల్లో ఈ సబ్జెక్టులో అసలు ఏం చెప్తారు? లెక్కలు చాలా ఉంటాయంటున్నారు, బొమ్మ నడవడానికి అన్ని లెక్కలెందుకు?

మీ బాధ నాకు తెలుసు, టర్బో సీలో ఆ నీలం తెర ముందు కూర్చుని గీత గీసి రికార్డులో ప్రింటవుట్ అతికించడం ఒక తరం మొత్తం చేసింది. బ్రెసెన్‌హామ్ ఆ గీత గీసే పద్ధతి కనిపెట్టింది 1962లో. మంచి పద్ధతే, నేర్చుకోవాల్సిందే, కాకపోతే దాని దగ్గరే ఆగిపోతే సబ్జెక్టు గడప దగ్గరే ఉండిపోయినట్టు.

కంప్యూటర్‌లో మనిషి బొమ్మ మొదలైంది సినిమాల కోసం కాదన్నది చాలామందికి తెలీదు. 1960లలో బోయింగ్ కంపెనీలో విలియం ఫెటర్ అనే డిజైనర్ పైలట్ బొమ్మని కంప్యూటర్ చేత గీయించాడు. వాళ్లకి కావాల్సింది ఒక్కటే, కాక్‌పిట్‌లో కూర్చున్న మనిషి చేయి ఆ స్విచ్ దాకా అందుతుందా లేదా అని. తర్వాత అమెరికాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో నార్మన్ బాడ్లర్ అనే ప్రొఫెసర్ 1970ల నుంచి దశాబ్దాల పాటు ఇదే పని మీద కూర్చున్నాడు. ఆయన బృందం తయారుచేసిన ‘జాక్’ అనే సాఫ్ట్‌వేర్‌లో రకరకాల ఎత్తూ బరువూ ఉన్న మనుషుల్ని పెట్టి, వాళ్లు కారు సీటులో ఇముడుతారా, ఫ్యాక్టరీలో ఫలానా బరువు ఎత్తితే నడుం పట్టేస్తుందా అని చూసేవాళ్లు. అది తర్వాత సీమెన్స్ కంపెనీ చేతికి వెళ్లింది. విచిత్రం ఏంటంటే 1880లలో మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ వరుస కెమెరాలు పెట్టి మనుషులు నడవడం, మెట్లెక్కడం, దూకడం ఫొటోలు తీసిందీ అదే యూనివర్సిటీలో. ఆ 781 పలకల ఫొటోలు 1887లో అచ్చయ్యాయి, ఇప్పటికీ యానిమేటర్లు వాటిని ముందు పెట్టుకుని పనిచేస్తారు. అదే పెన్సిల్వేనియాలో ఇప్పుడు కంప్యూటర్ గ్రాఫిక్స్ అండ్ గేమ్ టెక్నాలజీ అని మాస్టర్స్ కూడా ఉంది. ఈ చరిత్రంతా ఎందుకు చెప్తున్నానంటే, ఈ సబ్జెక్టుకి పునాది ‘చేయి అందుతుందా’ అన్న ప్రశ్న. లెక్కలన్నీ అక్కడి నుంచే పుట్టాయి.

ఇక తరగతిలో ఏం చెప్తారు అంటే, మొదట మనిషిని ఎముకల చెట్టుగా చూడటం నేర్పుతారు. తుంటి దగ్గర ఆ చెట్టు వేరు, అక్కడి నుంచి వెన్ను, మెడ, భుజాలు, చేతులు, కాళ్లు. పైన ఏది తిరిగితే కింద ఉన్నవన్నీ దాంతో పాటు తిరుగుతాయి. ఒక్కో కీలుకి ఒక్కో మాత్రిక (మ్యాట్రిక్స్), వాటిని వరుసగా గుణించుకుంటూ పోతే వేలి కొన ఎక్కడుందో వస్తుంది. ఇంటర్‌లో మాత్రికలు మార్కుల కోసం చేసినవాళ్లు ఇక్కడ మళ్లీ తెరవాలి.

తర్వాత భ్రమణం. మూడు అక్షాల చుట్టూ మూడు కోణాలు ఇస్తే చాలు కదా అనిపిస్తుంది, చాలదు. కొన్ని భంగిమల్లో రెండు అక్షాలు ఒకదాని మీద ఒకటి పడిపోయి ఒక దిశలో తిరిగే స్వేచ్ఛ పోతుంది, దాన్నే గింబల్ లాక్ అంటారు. రెండు భంగిమల మధ్య బొమ్మని నెమ్మదిగా తిప్పుతుంటే భుజం ఉన్నట్టుండి పిచ్చిగా చుట్టు తిరిగేది అందుకే. దీనికి మందు క్వాటర్నియన్లు: హామిల్టన్ అనే గణితవేత్త 1843లో కనిపెట్టిన, నాలుగు భాగాలు కలిసి ఒకటిగా ఉండే సంఖ్యలు. వాటిని 1985లో కెన్ షూమేక్ యానిమేషన్‌లోకి తెచ్చాడు, ఇప్పుడు గేమ్ ఇంజిన్లు దాదాపు అన్నీ అవే వాడుతున్నాయి.

ఆ తర్వాత వచ్చేది ఇన్వర్స్ కైనమాటిక్స్, ఐకే అంటారు. నా లెక్కలో ఈ సబ్జెక్టు రుచి తెలిసేది ఇక్కడే. భుజం ఇంత, మోచేయి ఇంత తిప్పు అని చెప్తే చేయి ఎక్కడికి పోతుందో లెక్కగట్టడం తేలిక. కానీ మనకి కావాల్సింది తలకిందుల ప్రశ్న, అరచేయి ఈ గ్లాసు దగ్గర ఉండాలి, కోణాలు ఎంతెంత? ఒక పని చేయండి. అరచేయి బల్ల మీద గట్టిగా ఆనించండి, భుజం ఉన్న చోటు మారకుండా మోచేయిని మాత్రం పైకీ కిందకీ ఆడించండి. ఆడింది కదా? అంటే అరచేయి అక్కడే ఉండగా చేయి ఎన్ని రకాలుగానైనా ఉండొచ్చు. భుజంలో మూడు, మోచేతిలో ఒకటి, ముంజేయి మెలితిప్పడానికి ఒకటి, మణికట్టులో రెండు, మొత్తం ఏడు స్వేచ్ఛలున్నాయి. అరచేయి చోటూ దిశా చెప్పడానికి ఆరు అంకెలు చాలు. ఆ మిగిలిన ఒక్కటే మోచేయి ఊగడం. సమాధానాలు అనంతంగా ఉన్నప్పుడు మనిషి సహజంగా ఎంచుకునేది ఏది అన్నది ఇక గణితం ఒక్కటే తేల్చలేదు, మనుషుల్ని చూడాలి.

చర్మం దగ్గర ఇంకో తమాషా ఉంది. ఎముకల మీద చర్మాన్ని అంటించేటప్పుడు కీలు దగ్గరున్న ప్రతి బిందువు మీదా రెండు ఎముకలకి పెత్తనం ఉంటుంది, ఇద్దరి మాటకీ సగటు తీస్తారు. మామూలుగా బాగానే ఉంటుంది. ఇప్పుడు మణికట్టుని 180 డిగ్రీలు మెలితిప్పారనుకోండి. ఒక ఎముక ఈ బిందువు పైన ఉండాలంటుంది, ఇంకో ఎముక సరిగ్గా కింద ఉండాలంటుంది, సగటు తీస్తే ఆ బిందువు చేతి మధ్యలోకి వెళ్లి కూర్చుంటుంది. అన్ని బిందువులూ అంతే. మణికట్టు చాక్లెట్ కాగితం చివర మెలిపెట్టినట్టు సన్నగా నలిగిపోతుంది, పరిశ్రమలో కూడా దీన్ని క్యాండీ రాపర్ అనే పిలుస్తారు. ద్వంద్వ క్వాటర్నియన్లతో దీన్ని సరిచేసే పద్ధతి 2007లో వచ్చింది. కానీ అంతకంటే ముందు అడగాల్సింది, మన చేతికి ఎందుకు అలా అవదు? ఎందుకంటే ముంజేతిలో రత్ని, అరత్ని అని రెండు ఎముకలున్నాయి, తెలుగు మీడియంలో చదివినవాళ్లకి గుర్తుండే ఉంటాయి. అరచేయి తిప్పినప్పుడు రత్ని అరత్ని మీదుగా అడ్డం పడుతుంది, మెలిక మోచేయి దాకా పొడుగునా పంచుకుంటుంది. అందుకే మంచి రిగ్‌లో ముంజేతి మధ్యలో అదనపు కీళ్లు పెడతారు. భుజం కథ ఇంకా పెద్దది. చేయి నిటారుగా పైకెత్తితే ఆ 180 డిగ్రీల్లో సుమారు 120 మాత్రమే భుజం కీలుది, మిగతా 60 వీపు మీద ఉన్న రెక్క ఎముక జరగడం వల్ల వస్తుంది. ఇది తెలియని రిగ్‌లో బొమ్మ చేయెత్తితే చంక చిరిగినట్టుంటుంది. అంటే లెక్కలే కాదు, శరీరశాస్త్రం కూడా చదవాలి. బైపీసీ వాళ్లూ వింటున్నారా?

ఆ తర్వాత మోషన్ క్యాప్చర్, అంటే నటుడి ఒంటి మీద మెరిసే గుండీలు అంటించి వరుస కెమెరాలతో కదలికని పట్టుకోవడం. పట్టుకున్నది ఒక ఎత్తు, దాన్ని వాడటం ఇంకో ఎత్తు. ఆరడుగుల మనిషి నడకని మరుగుజ్జు పాత్రకి తొడిగితే పాదాలు నేల మీద జారతాయి. నడకనీ పరుగునీ అతికించినా జారతాయి. నడకలో రెండు పాదాలూ నేల మీద ఉండే క్షణాలుంటాయి, పరుగులో రెండూ గాల్లో ఉండే క్షణాలుంటాయి, ఆ రెంటినీ సగటు చేస్తే ఏం రావాలి మరి? 2002లో వచ్చిన మోషన్ గ్రాఫ్‌లు అనే పద్ధతి ఈ అతుకుల పని కోసమే. చివర్లో భౌతికశాస్త్రం: కండరాల బలం, గురుత్వాకర్షణ లెక్కలోకి తెచ్చి బొమ్మ తనంతట తానే పడకుండా నిలబడేలా చేయడం. 1995లో జెస్సికా హాడ్జిన్స్ అనే పరిశోధకురాలి బృందం ఇలాగే బొమ్మల చేత పరుగెత్తించింది, సైకిల్ తొక్కించింది. 2018లో అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీ నుంచి వచ్చిన డీప్‌మిమిక్ అనే ఏఐ పద్ధతిలో బొమ్మ పడుతూ లేస్తూ తనే పల్టీలు నేర్చుకుంది.

మీ కాలేజీలో ఇవేవీ లేకపోయినా ఒక ప్రాజెక్టు చేయొచ్చు. అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్లు తమ క్యాప్చర్ డేటా మొత్తం ఉచితంగా పెట్టారు, చాలామంది కదలికలు ఉన్నాయి. వాటిని బీవీహెచ్ అనే ఫార్మాట్‌లోకి మార్చినవి కూడా దొరుకుతాయి. ఆ ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది, పై సగం ఎముకల చెట్టు, కింది సగం ప్రతి ఫ్రేముకీ కోణాలు. దాన్ని చదివి, గీతల మనిషిని తెర మీద నడిపించే ప్రోగ్రామ్ మీరే రాయండి, లైబ్రరీ దింపుకోకుండా. మొదటిరోజు చేతులు వీపులోంచి మొలుస్తాయి, తల మోకాలి దగ్గర ఉంటుంది. భ్రమణాల వరుస తారుమారైందన్నమాట. అది సరిచేసుకునేసరికి ఒక సెమిస్టర్ పాఠం వచ్చేసినట్టే, మీ బ్రెసెన్‌హామ్ గీతలు కూడా అక్కడ పనికొస్తాయి.

ప్రశ్న: నేను చిన్నప్పటి నుంచీ కూచిపూడి నేర్చుకుంటున్నాను, ఇప్పుడు ఎంసీఏ. నా నాట్యాన్ని త్రీడీ బొమ్మ చేత చేయించడం ప్రాజెక్టుగా తీసుకుందామంటే మా గైడ్ గారు “వీడియో తీసి ఏదో ఒక ఏఐకి ఇచ్చేయమ్మా, అదే చేసేస్తుంది” అంటున్నారు. నిజమేనా? – ఏలూరు

సగం నిజం. వీడియో నుంచి శరీర భంగిమ పట్టే పద్ధతులు బాగానే ముదిరాయి. కానీ మీ నాట్యంలో ముఖ్యమైనవి ఏవో చూడండి, సరిగ్గా అవే జారిపోతాయి. ఈ రంగంలో అందరూ వాడే ఎస్‌ఎంపీఎల్ అనే శరీర నమూనా 2015లో వచ్చింది, 6,890 బిందువులు, 24 కీళ్లు. అందులో వేళ్లకి కీళ్లు లేవు! మీకేమో అసంయుత హస్తాలే, అంటే ఒంటిచేతి ముద్రలే, 28. పతాకానికీ త్రిపతాకానికీ తేడా ఒక్క ఉంగరపు వేలు, ఆ బొమ్మకి రెండూ ఒకటే. చేతుల నమూనా 2017లో విడిగా వచ్చింది, చేతులూ ముఖమూ కలిపిన ఎస్‌ఎంపీఎల్-ఎక్స్ 2019లో వచ్చింది. మీరు అక్కడి నుంచి మొదలుపెట్టాలి. రెండో చిక్కు అరమండి, అంటే మోకాళ్లు పక్కకి వంచి సగం కూర్చున్నట్టు నిలబడటం. ముందున్న విసనకర్ర కుచ్చిళ్లు మోకాళ్లని కప్పేస్తాయి, మోకాలు ఎంత వంగిందో కెమెరా ఊహించుకోవాల్సిందే. రికార్డు చేసేటప్పుడు కాస్ట్యూమ్ వద్దు, ప్రాక్టీస్ చీర కూడా వద్దు, ఒంటికి అతుక్కునే బట్టలు వేసుకోండి.

ఒకవేళ మోషన్ క్యాప్చర్ ల్యాబ్ దొరికితే వడ్డాణం, గాజులు, గజ్జెలు అన్నీ తీసేసి వెళ్లండి. ఆ కెమెరాలు పరారుణ కాంతి విసిరి మెరిసేవాటిని వెతుకుతాయి, గజ్జెల్లో ప్రతి మువ్వనీ ఒక మార్కర్ (ఒంటికి అంటించే మెరిసే గుండీ) అనుకుంటాయి. అప్పుడు వచ్చే డేటా శుభ్రం చేయడానికి మీ సెమిస్టర్ సరిపోదు. గజ్జెల చప్పుడు లేకపోతే తాళం తప్పుతుందంటే జతి పాడేవాళ్లని పక్కన కూర్చోబెట్టుకోండి.

తరంగం మాత్రం మొదటి ప్రాజెక్టుకి వద్దు. పళ్లెం అంచుల మీద పాదం నిలవడం, వేళ్లతో పట్టి జరగడం అంటే, మామూలు రిగ్‌లో పాదం రెండే ముక్కలు, మడమ నుంచి ముందరి పాదం దాకా ఒకటి, వేళ్లన్నీ కలిపి ఒకటి. దాంతో పళ్లెం ఎలా పట్టుకుంటుంది? ఎవరైనా పీహెచ్‌డీ చేయొచ్చు దాని మీద, నిజంగానే అంటున్నాను. మీరు ఒక్క అడుగు తీసుకోండి, రెండు కాలాల్లో, అంటే రెండు వేగాల్లో, చేయండి. పాదం నేలని తాకిన క్షణం తాళంతో ఎంత కచ్చితంగా కలిసిందో కొలవండి. మామూలు వీడియోలో సెకనుకి 30 ఫ్రేములే ఉంటాయి, అంటే ఒక్కో ఫ్రేముకి 33 మిల్లీసెకన్లు, ద్రుతంలో తట్టు ఎక్కడ పడిందో అందులో దొరకదు. ఫోన్‌లో స్లో మోషన్ పెడితే 120, 240 కూడా వస్తాయి. ఆ ఒక్క పోలికతోనే మీ గైడ్ గారికి ఏఐ ఎక్కడ తడబడుతుందో చూపించొచ్చు.

నాట్యానికీ ఈ చదువుకీ చుట్టరికం కొత్తది కాదు. ఇందాక చెప్పిన బాడ్లర్ 1979లోనే లాబానోటేషన్ అనే నాట్య లిపిని ఆధారం చేసుకుని కదలికని కంప్యూటర్‌లో ఎలా రాయాలో పరిశోధనాపత్రం రాశాడు. కెనడాలో సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీ వాళ్లు చేసిన లైఫ్ ఫామ్స్ సాఫ్ట్‌వేర్‌ని మెర్స్ కన్నింగ్‌హామ్ అనే పెద్ద నృత్యకారుడు 1990 ప్రాంతం నుంచి తన నాట్యాలు కూర్చడానికి వాడాడు, అప్పటికి ఆయనకి డెబ్బై దాటాయి. ఇంకొక్క మాట, మీ గురువు గారి దగ్గర అనుమతి తీసుకోండి. ఆ డేటా బయట పెడితే తర్వాత దాన్ని ఎవరు ఏ బొమ్మకి తొడుగుతారో మీ చేతిలో ఉండదు.

ప్రశ్న: మా అమ్మాయి బి.టెక్ అయింది. అమెరికాలో కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో ఎంఎస్ చేస్తానంటోంది. చుట్టాలందరి పిల్లలూ డేటా సైన్స్ అంటుంటే ఇదేంటో మాకు అర్థం కావడం లేదు. ఇల్లు తాకట్టు పెట్టి లోన్ తీయాలి. ఏఐ వచ్చాక ఈ బొమ్మల చదువుకి ఉద్యోగాలుంటాయా? టెన్షన్‌గా ఉందండీ. – కరీంనగర్ నుంచి ఒక తల్లి

అమ్మా, మీ టెన్షన్ అర్థం లేనిదేమీ కాదు, అందుకే సర్దిచెప్పి పంపించను. సినిమా విజువల్ ఎఫెక్ట్స్ వ్యాపారం ఒడుదొడుకులది. 2013లో హైదరాబాద్‌లో కూడా ఆఫీసు ఉన్న రిథమ్ అండ్ హ్యూస్ అనే ఎఫెక్ట్స్ కంపెనీ అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది, అదే నెలలో వాళ్లు పనిచేసిన సినిమాకి ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ అనే ఇంకో పెద్ద కంపెనీ కూలిపోతే బెంగళూరులో కూడా చాలామంది ఉద్యోగాలు పోయాయి. కాబట్టి సినిమా ఒక్కదాన్నే నమ్ముకుని ఇల్లు తాకట్టు పెట్టొద్దు, ఇది నా గట్టి మాట.

అయితే అమ్మాయి చదవబోయేది ఏ రకం కోర్సో అడిగి తెలుసుకోండి. కంప్యూటర్ సైన్స్ విభాగంలో ఎంఎస్ చేసి అందులో గ్రాఫిక్స్ ఎక్కువ తీసుకుంటే, ఆ పిల్ల బయటికొచ్చేది సీ ప్లస్ ప్లస్, గణితం, గ్రాఫిక్స్ కార్డు ప్రోగ్రామింగ్ గట్టిగా వచ్చిన ఇంజినీరుగా. గేమ్ కంపెనీలు, రోబోలు, కార్ల డిజైన్, సర్జరీ శిక్షణ పరికరాలు, అన్నిటికీ వెళ్లొచ్చు. ఎంఎఫ్ఏ అయితే అది కళాకారుల డిగ్రీ, చదువు గొప్పదే, కానీ లోన్ లెక్క వేరు. అక్కడ చదివాక పనిచేయడానికి ఓపీటీ అనే అనుమతి పన్నెండు నెలలు, కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉంటేనే ఇంకో 24 నెలలు పొడిగింపు. అమ్మాయికి వచ్చిన కోర్సు ఆ జాబితాలో ఉందో లేదో యూనివర్సిటీకే మెయిల్ రాసి జవాబు తీసుకోమనండి. వీసా నియమాలు మారుతుంటాయి కాబట్టి చేరే ముందు మళ్లీ ఒకసారి చూసుకోవాలి. అమెరికా ఒక్కటే అనుకోనక్కర్లేదు కూడా. ఇంగ్లాండ్‌లో బోర్న్‌మత్ యూనివర్సిటీలో కంప్యూటర్ యానిమేషన్‌కే ఒక జాతీయ కేంద్రం ఉంది. పరిశోధన మీద మనసుంటే గచ్చిబౌలిలోనే ట్రిపుల్ ఐటీలో సీవీఐటీ అనే విభాగం విజన్, గ్రాఫిక్స్ మీద పనిచేస్తోంది, కరీంనగర్ నుంచి పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి అక్కడుంటారు.

ఏఐ గురించి. 2019లో ఆమాస్ అనే డేటా సంకలనం వచ్చింది, 40 గంటలకి పైగా మనుషుల కదలికలు ఒకే రూపంలో పెట్టారు. 2022 నుంచి ‘మనిషి కుంటుతూ నడిచి కూర్చున్నాడు’ అని వాక్యం రాస్తే కదలిక పుట్టించే ఏఐ మోడళ్లు జోరందుకున్నాయి. అంటే క్యాప్చర్ డేటా శుభ్రం చేయడం, గుంపులో మూడో వరుస మనిషిని నడిపించడం లాంటి మొదటిమెట్టు పనులు తగ్గుతాయి, తగ్గుతున్నాయి కూడా. అబద్ధమెందుకు? కానీ ఆ మోడళ్లని తయారుచేస్తున్నది ఈ చదువు చదివినవాళ్లే. పాదం జారడం, కూర్చున్నవాడు కుర్చీలోకి దిగబడటం, చేయి పొట్టలోంచి పోవడం, ఈ తప్పులు వాటిలో ఇప్పటికీ వస్తున్నాయి. వాటిని కొలిచి సరిచేయాలంటే కీళ్లూ బరువూ తెలిసినవాళ్లు కావాలి. మీ అమ్మాయిని ఒక్క ప్రశ్న అడగండి: “నువ్వు సొంతంగా రాసిన ప్రోగ్రామ్ ఏదైనా చూపించు” అని. లాప్‌టాప్ తెరిచి ఉత్సాహంగా అరగంట చెప్తే పంపించే ఆలోచన చేయండి. సినిమా ట్రైలర్లు చూపిస్తే మాత్రం ఇంకో ఏడాది ఇక్కడే ఉండి ఏదైనా చేసి చూపించమనండి. లోన్ ఎక్కడికీ పోదు.

ప్రశ్న: ఈ కోర్సుకి ఏ లాప్‌టాప్ కొనాలి? షాపులో లక్షన్నర ది చూపిస్తున్నారు. – నెల్లూరు

చేరాకే కొనండి, చాలాచోట్ల ల్యాబ్‌లో మంచి మెషీన్లుంటాయి. మొదటి ఏడాది రిగ్గింగ్, నడకలు, కోడింగ్‌కి 16 జీబీ ర్యామ్, ఒక మోస్తరు ఎన్విడియా కార్డు ఉంటే బండి నడుస్తుంది. లక్షన్నర లాప్‌టాప్‌లో ఉండే పెద్ద కార్డు అవసరమయ్యేది రెండరింగ్‌కి, అంటే చివరి బొమ్మని వెలుగునీడలతో తయారుచేయడానికి, మీరు ఇంకా అక్కడికి రాలేదు. మిగిలిన డబ్బుతో మూడు బటన్ల మౌసు కొనుక్కోండి, టచ్‌ప్యాడ్‌తో బ్లెండర్ వాడితే మణికట్టు పోతుంది.